చిన్నప్పటి పాము భయం పెద్దయినా ఎందుకు వదలదు, వదిలించుకునే దారేది

క్లుప్తంగా: పాము భయంతో ఎవరూ పుట్టరు, కానీ ఆ భయాన్ని చాలా తొందరగా పట్టేసుకునే మెదడుతో పుడతారు. దాన్ని ఎక్కించేది చాలావరకు చుట్టూ ఉన్న పెద్దల అరుపులు, కథలు. ఏళ్ల తరబడి నిలబెట్టేది మాత్రం తప్పించుకు తిరగడం. ఎంత ధైర్యం చెప్పినా అది పోదు, మెట్టు మెట్టుగా దగ్గరకు వెళ్తేనే పోతుంది. పైగా ఈ భయం పాముకాటు నుంచి కాపాడుతుందన్న నమ్మకం కూడా నిలబడదు.

వానాకాలం మొదలైతే చాలు, ఫోన్ల నిండా పాము వీడియోలే. బూటులో దూరిందని ఒకటి, స్కూటీ హెడ్‌లైట్‌లోంచి తల బయటపెట్టిందని ఇంకొకటి. చాలామంది చూసి, ఇంకో నలుగురికి పంపి మర్చిపోతారు. కొందరు మాత్రం ఫోన్ విసిరేసినంత పని చేస్తారు, ఆ రాత్రి మంచం కింద రెండుసార్లు టార్చి వేసి చూస్తారు, అయినా నిద్ర పట్టదు. వీళ్లలో అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో ఉండేవాళ్లూ ఉంటారు, జీవితంలో ఒక్కసారి కూడా పాము దగ్గరికి రానివాళ్లూ ఉంటారు. ఎప్పటి నుంచి ఇలా అని అడిగితే మాత్రం దాదాపు అందరి జవాబూ ఒకటే, చిన్నప్పటి నుంచీ అని.

పాము కనిపిస్తే గుండె దడదడలాడటం, నాలుగడుగులు వెనక్కి వేయడం జబ్బు కాదు. అది ఉండాల్సిందే. ఉన్న ప్రమాదానికి మించి భయం పుడుతూ, ఫోటో చూసినా ఊపిరాడనట్టు అయిపోతూ, దాని వల్ల ఊరికి వెళ్లడం, పెరట్లోకి దిగడం, పిల్లల పాఠ్యపుస్తకం తెరవడం లాంటివి మానుకునే స్థితి ఆరు నెలలకు పైగా సాగుతుంటే డాక్టర్లు దాన్ని ఫోబియా అంటారు. జంతువులకు సంబంధించిన ఫోబియాలు ఎక్కువగా పదేళ్లలోపే మొదలవుతాయి. పెద్దయ్యాక మొదలయ్యేవి తక్కువ.

పుట్టుకతో వచ్చేది ఎంత, నేర్చుకునేది ఎంత

1971లో మార్టిన్ సెలిగ్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక మాట ముందుకు తెచ్చాడు. మెదడు అన్ని భయాలనూ ఒకేలా నేర్చుకోదు, లక్షల ఏళ్లుగా మనిషి జాతిని చంపుతూ వచ్చిన వాటి పట్ల భయాన్ని ఇట్టే నేర్చుకునేలా అది ముందే తయారై ఉంటుంది అని. ఇవాళ్టి నగరాల పిల్లలకు పాము కంటే కరెంటు ప్లగ్గు, రోడ్డు మీద బైకు ఎక్కువ ప్రమాదం. అయినా ప్లగ్గును చూసి వణికిపోయి డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు దాదాపు ఉండరు. 2006లో లిన్ ఇస్బెల్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఇంకా దూరం వెళ్లి, కోతి జాతి జంతువుల చూపు ఇంత చురుగ్గా మారడానికే పాములు ఒక ముఖ్య కారణం అని ప్రతిపాదించారు. దాన్ని అందరూ ఒప్పుకోలేదు, కానీ 2013లో మకాక్ కోతుల మెదడులో పాము బొమ్మలకు మిగతా బొమ్మల కంటే వేగంగా, గట్టిగా స్పందించే నాడీకణాలు బయటపడటంతో ఆ వాదనకు బలం వచ్చింది.

అయితే పామును తొందరగా గుర్తుపట్టడం వేరు, పాముకు భయపడటం వేరు. ఈ తేడా పసిపిల్లల మీద చేసిన పరిశోధనల్లో బాగా కనిపిస్తుంది. జర్మనీలో 2017లో ఆరు నెలల పిల్లలకు పాముల బొమ్మలు, చేపల బొమ్మలు చూపిస్తే, పాము బొమ్మలకు వాళ్ల కనుపాపలు ఎక్కువ పెద్దవయ్యాయి. అంటే శరీరం అప్రమత్తమవుతోంది. కానీ వాళ్లు ఏడవలేదు, బెదరలేదు. అంతకుముందు 2009లో అమెరికాలో జూడీ డెలోచ్, వెనెస్సా లొబ్యూ చేసిన పరిశోధనలో, పసివాళ్లు పాము వీడియోలను మామూలు జంతువుల వీడియోలలాగే చూశారు. వెనక భయపడిన గొంతు వినిపించినప్పుడు మాత్రం చూపు పాము మీద ఎక్కువసేపు నిలిచింది. దీన్నిబట్టి చూస్తే గమనించే గుణం పుట్టుకతో వస్తుంది, భయాన్ని దానికి జత చేసేది పక్కనున్న మనిషి గొంతు.

కోతుల కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. సుసాన్ మినేకా, మైకేల్ కుక్ 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ ల్యాబ్‌లో రీసస్ కోతుల మీద వరసగా ప్రయోగాలు చేశారు. అక్కడ రెండు రకాల కోతులున్నాయి. భారతదేశపు అడవుల్లో పెరిగి చాలా ఏళ్ల కిందట అక్కడికి చేరినవి కొన్ని, ల్యాబ్‌లోనే పుట్టినవి కొన్ని. అడవి కోతులు అన్నేళ్ల తర్వాత కూడా పామును చూడగానే బెంబేలెత్తాయి. ల్యాబ్ కోతులకు అది పట్టనే లేదు, పాము అవతల పెట్టిన తిండిని చెయ్యి చాపి తీసేసుకున్నాయి. తర్వాత ల్యాబ్ కోతులు, అడవి కోతి భయపడటాన్ని కొద్దిసేపు పక్క నుంచి చూశాయి. అంతే, వాటికీ భయం పట్టుకుంది, నెలలు గడిచినా పోలేదు. అలా భయపడుతున్న కోతి వీడియోలో పాము స్థానంలో పూలు కనిపించేలా ఎడిట్ చేసి చూపిస్తే మాత్రం పూల భయం పట్టలేదు. పామునో మొసలినో చూసి ఎవరైనా బెదిరితే మెదడు దాన్ని పట్టుకుంటుంది, పువ్వును చూసి బెదిరితే వదిలేస్తుంది. ఈ ప్రయోగాల్లో ఇంకో ఫలితం ఉంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. అది పిల్లల దగ్గర పనికొస్తుంది కాబట్టి అక్కడే చెప్పుకోవడం మేలు.

తెలుగు ఇంట్లో ఎలా ఎక్కుతుంది

మన పిల్లలకు పాము రెండు రూపాల్లో పరిచయమవుతుంది. ఆంధ్రలో కార్తీకమాసపు నాగుల చవితికి, తెలంగాణలో శ్రావణంలో వచ్చే నాగుల పంచమికి పుట్ట దగ్గరికి తీసుకెళ్లి పాలు పోయించి దండం పెట్టిస్తారు. దండం పెట్టించిన ఆ చేతులే, మర్నాడు పెరట్లో జెర్రిపోతు కనిపిస్తే కర్ర అందుకుంటాయి. దేవుడని చెప్పిన మాట కంటే, కర్ర పట్టుకున్న నాన్న ముఖంలో కనిపించిన కంగారు, పిల్లల్ని లోపలికి లాగేసి తలుపేసిన అమ్మ కేక లోతుగా దిగుతాయి. అక్కడ పిల్లవాడు చూసింది పాముని కూడా కాదు, ఎప్పుడూ భయపడని పెద్దవాళ్లు భయపడటాన్ని.

దీని మీద కథలు పేరుకుంటాయి. పాము పగబడుతుంది, చంపితే దాని జత వెతుక్కుంటూ వస్తుంది, నాగస్వరానికి ఊగుతుంది, రెండు తలల పాము ఆరు నెలలు ఒక తలతో, ఆరు నెలలు ఇంకో తలతో తిరుగుతుంది. రాత్రిపూట దాని పేరే ఎత్తకూడదు, పురుగు అనాలి. వీటిలో ఏదీ పాము జీవశాస్త్రానికి అతకదు. ఒక పామును చంపిన ఇంటికి ఇంకోటి రావడానికి కారణం పగ కాదు, అక్కడ ఎలుకలో కప్పలో ఇంకా ఉండటం. నాగస్వరం ఊదుతుంటే పాము చూసేది కళ్ల ముందు ఊగుతున్న ఆ బూరను, ఊదేవాడి చేతులను. రెండు తలల పాముకు తోక మొద్దుగా తలలా ఉంటుంది, అంతే. కానీ ఆరేళ్ల పిల్లకు ఈ కథలు చెప్పే సంగతి ఒకటుంది, పాముకు తనని గుర్తుపెట్టుకుని వెంటాడే బుద్ధి ఉందని. పులి భయం అడవి దాటితే ఆగిపోతుంది. పగబట్టే పాము మాత్రం పక్కలోకి కూడా వస్తుంది. అందుకే ఈ భయం రాత్రి పూట పెరుగుతుంది.

వేరే రకంగా పెరిగే పిల్లలూ ఉన్నారు. చెన్నై దగ్గర ఇరుళ తెగ వాళ్లు 1978 నుంచి సహకార సంఘంగా ఏర్పడి, పాములు పట్టి విషం తీసి, విషానికి విరుగుడు మందు తయారీకి ఇస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. మన నెల్లూరు, గుంటూరు వైపు పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులకూ పాములతో పాత పరిచయమే. వీళ్లకు భయమే లేదనడం సరికాదు. ఏ పాము ఏది, ఎంత దూరంలో నిలబడాలి, ఎప్పుడు వదిలేయాలి అన్న లెక్క ఉంటుంది. పిల్లలు పెద్దల నుంచి కంగారుకు బదులు ఆ లెక్కను నేర్చుకుంటారు.

ఎందుకు వదలదు

చిన్నప్పటి భయాలు చాలావరకు వాటంతట అవే పోతాయి. చీకటి భయం పోతుంది, ఉరుముల భయం పోతుంది, ఎందుకంటే చీకటి, ఉరుము రోజూ ఎదురవుతూనే ఉంటాయి, ఏమీ జరగదని మెదడుకు తెలిసిపోతుంది. పాము అలా ఎదురుకాదు. ఎదురైనా ఎవరూ అక్కడ నిలబడరు. పేజీ తిప్పేస్తారు, ఛానల్ మార్చేస్తారు, ఆ దారిన వెళ్లడం మానేస్తారు. మానేసిన మరుక్షణం దొరికే ఊరట చాలా తియ్యగా ఉంటుంది, అసలు చిక్కు అక్కడే ఉంది. తప్పించుకున్నాను కాబట్టే బతికాను అని మెదడు రాసుకుంటుంది. ఫోటో చూసినా ఏమీ అయ్యేది కాదు అన్న పాఠం నేర్చుకునే అవకాశం ఆ పేజీతో పాటే పోతుంది. ఇలా ఇరవై ముప్పై ఏళ్లు గడిస్తే, ఆరేళ్ల వయసులో ఏర్పడిన భయం ఒక్క పరీక్షకు కూడా నిలబడకుండానే మిగిలిపోతుంది. ఉద్యోగానికి పాములే లేని న్యూజిలాండ్ వెళ్లి స్థిరపడినా అంతే. సెలవుల్లో ఊరికి వచ్చిన రోజు అది మళ్లీ లేచి కూర్చుంటుంది.

వాదించి ఈ భయాన్ని గెలవలేకపోవడానికి కారణం మెదడు పనితీరులో ఉంది. కంటికి కనిపించిన ఆకారం ఆలోచించే భాగానికి పూర్తిగా చేరేలోపే అమిగ్డాలా అనే చిన్న భాగం అలారం మోగించేస్తుంది. చెమటలు, దడ అయిపోయాక గానీ అది తాడు అన్న ఎరుక రాదు. కాబట్టి ఇంత చదువుకున్నావు, ఫోటోకు భయమేంటి అని ఇంట్లోవాళ్లు ఎద్దేవా చేస్తే సిగ్గు పెరుగుతుందే తప్ప భయం తగ్గదు.

భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట

ఇంత భయం ఉన్నందుకు కనీసం కాటు నుంచైనా కాపాడుతుందా అంటే, దేశం లెక్కలు అలా చెప్పడం లేదు. 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు, అంటే ఏటా సగటున 58 వేలు. వాళ్లలో పావు వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలు. 2001 నుంచి 2014 మధ్య మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి, తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. ఎక్కువగా పల్లెల్లోనే.

కాట్లు పడేది ఎవరికి? కలుపు తీసేవాళ్లకు, రాత్రి మోటారు వేయడానికి చెప్పుల్లేకుండా పొలం వెళ్లే రైతుకు, నేల మీద చాప వేసుకుని పడుకునే కుటుంబానికి. మన దగ్గర ఎక్కువగా చంపేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. వీటిలో నాగుపాము పడగ విప్పి బుస కొట్టి ముందే హెచ్చరిస్తుంది, కథల్లోని భయమంతా దాని చుట్టూనే ఉంది. కట్లపాము అలా కాదు. రాత్రిపూట తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి గానీ వాపు గానీ తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలయ్యాక గానీ సంగతి బయటపడదు. పడగ బొమ్మ చూసి వణికే మనిషి, వాన రాత్రి దోమతెర లేకుండా నేల మీద నిశ్చింతగా పడుకోవడం మామూలే. భయం ఆకారానికి అంటుకుని ఉంది. ప్రమాదం చీకట్లో, వట్టి కాళ్లలో, గడ్డివాములో ఉంది.

పైగా అతి భయం ప్రమాదాన్ని పెంచుతుంది కూడా. దాన్ని ఎలాగైనా చంపేయాలని కర్రతో దగ్గరికి వెళ్లడం కాటుకు నేరుగా దారి. కాటు పడ్డాక కంగారులో తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రగాడి దగ్గర గంటలు పోగొట్టడం జరుగుతాయి. మంత్రగాడికి పేరు ఎలా నిలిచిందో చెప్పడం కష్టం కాదు. దేశంలో 300కి పైగా పాము జాతులుంటే చాలావాటికి మనిషిని చంపే విషం లేదు, విషమున్న పాము కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కాటేస్తుంది. ఏ మంత్రమూ లేకపోయినా బతికేవాళ్లంతా ఆయన ఖాతాలో పడతారు. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగి జనం హడలిపోయినప్పుడు, ఆసుపత్రుల్లో మందు నిల్వల గురించి ఎంత మాట్లాడుకున్నారో మోపిదేవిలో తలపెట్టిన సర్పయాగం గురించీ అంతే మాట్లాడుకున్నారు. ఊరి భయానికి యాగం ఓదార్పు ఇవ్వొచ్చు, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ప్రాణం నిలబెట్టేది మాత్రం కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేరడమే.

భయాన్ని దించే మెట్లు

భయపడే దాన్ని కొద్దికొద్దిగా దగ్గర చేయడమే మందు అన్న ఆలోచన కొత్తది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు, కుందేలంటే భయపడే మూడేళ్ల పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలు పంజరాన్ని రోజుకింత దగ్గరకు జరుపుతూ ఆ భయం పోగొట్టింది. 1958లో జోసెఫ్ వోల్పే దీన్ని ఒక పద్ధతిగా మలిచాడు. 1969లో ఆల్బర్ట్ బండూరా బృందం నేరుగా పాము భయం ఉన్నవాళ్లనే తీసుకుని మూడు పద్ధతులను పోల్చి చూసింది. కొందరిని ఊహలోనే మెట్టు మెట్టుగా పాముకు దగ్గరగా తీసుకెళ్లారు, కొందరికి సినిమా చూపించారు, ఇంకొందరికి పక్కన ఒక మనిషి నిలబడి తాను పామును ముట్టి చూపిస్తూ, తర్వాత వాళ్ల చేత చేయించాడు. మూడోదే బాగా గెలిచింది. దాదాపు అందరూ చివరికి పామును పట్టుకోగలిగారు. భయాన్ని ఎక్కించినట్టే దించడంలోనూ పక్కనున్న మనిషిదే పెద్ద పాత్ర అన్నమాట. 1980ల చివర్లో స్వీడన్‌లో లార్స్ యోరాన్ ఓస్ట్ దీన్ని ఒకే సిట్టింగ్‌లో, మూడు గంటలలోపు చేయవచ్చని చూపించాడు. ఇరవై ఏళ్ల భయానికి మూడు గంటలా అనిపిస్తుంది గానీ, దాన్ని ఇన్నాళ్లు మోసింది తప్పించుకోవడమే కాబట్టి, ఆ తప్పించుకోవడం ఆగితే పట్టు జారిపోవడంలో వింత లేదు.

ఆచరణలో మెట్లు చాలా కింద నుంచి మొదలవుతాయి. పాము అన్న మాటను కాగితం మీద రాసి చూస్తూ ఉండటం, గీతల బొమ్మ, నలుపు తెలుపు ఫోటో, రంగు ఫోటో, శబ్దం లేని వీడియో, గదికి ఆ చివర రబ్బరు పాము, అదే చేతిలో, ఆ తర్వాత జూలో గాజు అవతల అసలు పాము. హైదరాబాద్ నెహ్రూ జూలో సరీసృపాల విభాగం ఉంది, చెన్నైలో గిండీ పాముల పార్కు ఉంది. ఒక్కో మెట్టు దగ్గర టెన్షన్ నూటికి ఎంత ఉందో రాసుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, ఏం జరుగుతుందని భయమో ముందే రాసుకోవాలి: కళ్లు తిరిగి పడిపోతానని, గుండె ఆగిపోతుందని, ఫోటోలోంచి కదిలినట్టు అనిపిస్తుందని. తర్వాత ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాయే మెదడుకు పాఠం. టెన్షన్ బాగా పెరిగినప్పుడు లేచి వెళ్లిపోతే పాత పాఠమే ఇంకోసారి గట్టిపడుతుంది, కాబట్టి దిగేదాకా ఉండగలిగే మెట్టునే ఎంచుకోవాలి. భయం తగ్గించే మాత్ర వేసుకుని చేస్తే ఏమీ కాకపోవడానికి కారణం మాత్రేనని మెదడు అనుకుంటుంది.

ఈ అభ్యాసంలో పాత భయం చెరిగిపోదు. దాని పక్కన కొత్త జ్ఞాపకం ఏర్పడి, దాన్ని అణిచి ఉంచుతుంది. అందుకే ఒకే గదిలో, ఒకే ఫోటోతో సాధన చేసినవాళ్లకు ఊళ్లో భయం తిరిగి రావచ్చు. వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో, వేర్వేరు పాముల బొమ్మలతో చేస్తే కొత్త జ్ఞాపకం నిలుస్తుంది. కొన్ని నెలల తర్వాత ఒకసారి దడ తిరిగొస్తే అంతా వృథా అయినట్టు కాదు, రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కితే సరిపోతుంది, ఈసారి తొందరగానే.

ఈ మెట్లలో అడవి పాము ఎక్కడా లేదు, ఉండకూడదు. భయం పోయిందని నిరూపించుకోవడానికి పామును పట్టుకోవడం, రీల్స్ చూసి తోక పట్టి ఎత్తడం ప్రాణాంతకం, పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అలాగే సరదాకి మీద రబ్బరు పాము విసరడం, జూలో చెయ్యి పట్టి లాగి ముట్టించడం చికిత్స కాదు, హింస. ఈ పద్ధతిలో అదుపు భయపడే మనిషి చేతిలోనే ఉండాలి. అది పోతే భయం రెట్టింపవుతుంది. ఫోటో మెట్టు కూడా ఎక్కలేకపోతే సైకాలజిస్టు సాయం తీసుకోవాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడి దారి చెబుతారు.

చదువు ఒక్కటే భయాన్ని దించదు గానీ, మెట్లెక్కేటప్పుడు అది ఊతం. జెర్రిపోతు, నీరుకట్టె విషం లేనివని, జెర్రిపోతు పొలంలో ఎలుకల్ని తింటుందని తెలిసిన మనిషికి కనిపించిన ప్రతి పామూ మృత్యువు కాదు. అలాగని ఆకారం చూసి తేల్చేసుకోవడమూ ప్రమాదమే. కట్లపామును, దానిలా చారలుండే విషం లేని పామును వేరు చేయడంలో అలవాటున్నవాళ్లే పొరబడతారు. కనిపించినది ఏదైనా దూరంగా నిలబడాలి, కాటు పడితే ఏ పామైనా ఆసుపత్రికే వెళ్లాలి.

పిల్లల దగ్గర ఏం చేయొచ్చు

మినేకా, కుక్ ప్రయోగాల్లో పక్కన పెట్టిన ఫలితం ఇది. కొన్ని ల్యాబ్ కోతులకు ముందుగా, పాము దగ్గర నిదానంగా ఉన్న కోతిని చూపించారు. ఆ తర్వాతే హడలిపోయే కోతిని చూపించారు. ముందు నిదానాన్ని చూసిన కోతుల్లో చాలావాటికి భయం పట్టలేదు. టీకాలాగే ఇది కూడా ముందు పడాలి. మనిషి పిల్లలు కోతి పిల్లలు కారు నిజమే, కానీ పెద్దల ముఖం చూసి నేర్చుకోవడంలో పెద్ద తేడా లేదు.

కాబట్టి ఇంట్లో పాము కనిపించే రోజు కంటే ముందే పని మొదలవ్వాలి. బొమ్మల పుస్తకంలో పాము పేజీ వచ్చినప్పుడు గొంతు మార్చకుండా చదవడం, జూలో గాజు ముందు పిల్లతో పాటు కాసేపు నిలబడటం, పుట్ట దగ్గర దండం పెట్టించేటప్పుడు అది ఏం తింటుందో, ఎందుకు పాలు తాగదో కూడా చెప్పడం. వాటితో పాటే కచ్చితమైన నియమాలు నేర్పాలి: రాత్రి టార్చి లేకుండా బయటకు వెళ్లకూడదు, చెప్పులు దులిపి వేసుకోవాలి, కట్టెల పోగులో, పుట్టలో చెయ్యి పెట్టకూడదు, పాము కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి నడిచి పెద్దవాళ్లను పిలవాలి. అటు వెళ్తే పాము పట్టుకుంటుంది అని బావి దగ్గరికి పోకుండా బెదిరించడం మాత్రం మానాలి, బావిలో పడతావు అని నిజం చెబితే సరిపోతుంది.

పాము భయం తమకే ఉన్న అమ్మానాన్నలకు ఇది కష్టం. వాళ్లు ధైర్యం నటించనక్కర్లేదు, పిల్లలు నటనను పట్టేస్తారు. నాకు భయమేస్తోంది, అందుకే మనం దూరంగా ఇక్కడ నిలబడి, పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేద్దాం అని మామూలు గొంతుతో చెప్పినా చాలు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థలున్నాయి, ఊళ్లలో అటవీ శాఖకు చెప్పవచ్చు. వాళ్లు వచ్చి పామును సంచిలోకి ఎక్కించి తీసుకెళ్లడాన్ని పిల్లలు దూరం నుంచి చూడనివ్వాలి. ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నలకు, తెలిసినంత వరకు, ఓపిగ్గా జవాబు చెప్పాలి.